బండ కింద కాలవ

వేంపల్లె నాలుగు రోడ్ల కూడలిలో బస్సు దిగి కడప రోడ్డు మీద కొంచెం నడిస్తే ఒక సిమెంటు, ఇనుము అంగడి వస్తుంది. అంగడి ముందు మురుగుకాలవ. దాని మీద నాలుగు నాపబండలు వరసగా పరిచి ఉన్నాయి. బండల మీద రెండు కుర్చీలు, కుర్చీల్లో మేనమామా మేనల్లుడూ. ముందురోజు రాత్రి గట్టి వాన కురిసింది. మురుగునీళ్లు కాలవలో పోకుండా రోడ్డు మీద పారుతున్నాయి. బండ్ల మీద పోయేవాళ్లు కాళ్లు పైకెత్తి పెట్టుకొని పోతున్నారు.

మామ పంచాయతీల్లో బిల్లు కలెక్టరుగా చేసి రిటైరయిన మనిషి. వేంపల్లెలో కాదు, వేరే ఊళ్లలో. అల్లుడు బీకాం చదివి, నాయన నడిపిన అంగడిని తను అందుకున్నాడు. ఇద్దరికీ ఊరంటే ప్రాణం, అందుకే ఇద్దరికీ పడదు. టీ తాగడానికని ఆగిన నేను వాళ్ల మాట తెగేదాకా లేవలేకపోయాను. వాళ్లన్నది వాళ్ల మాటలోనే పెడుతున్నాను. నాకు తోచింది మధ్యమధ్య చెబుతాను.

అల్లుడు: చూస్తాండావు గదా మామా, ఒక్క వానకే ఇది కత. ఇది పల్లె కాదు, పట్నం. పట్నానికి పంచాయతీ అంగీ తొడిగి కూర్చోబెట్టినారు. చిన్నప్పుడు కుట్టించిన అంగీ పెద్దోడయినాక తొడిగితే చంకల కాడ చినగదా? జనగణన వాళ్లకు ఒక లెక్క ఉంది. జనం 5,000 దాటల్ల, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండల్ల, పనిచేసే మగోళ్లలో నూటికి 75 మంది సేద్యం కాకుండా వేరే పని చేస్తాండల్ల. ఈ మూడూ ఉంటే బోర్డు మీద ఏం రాసుకున్నా వాళ్ల పుస్తకంలో అది పట్నమే. పొద్దున ఏడింటికి నాలుగు రోడ్ల కాడ నిలబడి చూడు. సేద్యానికి పోయేవాళ్లు ఎంతమంది, షట్టరు ఎత్తేవాళ్లు ఎంతమంది?

మామ: ఆ లెక్క నాకూ తెలుసబ్బీ. పట్నమని రాసుకుంటే ఏమొస్తాదో చెప్పు.

అల్లుడు: కమిషనరు వస్తాడు. ఇంజనీరు వస్తాడు. పారిశుద్ధ్యానికి వేరేగా మనుషులుంటారు, ఇండ్ల ప్లాను చూసేదానికి వేరేగా ఉంటారు. 2021 అక్టోబరులో కేంద్రం అమృత్ రెండో విడత పెట్టింది, ఇంటింటికీ కొళాయి నీళ్లని. అది చట్టం ప్రకారం పట్టణమైన ఊర్లకే. మనకు జల్‌జీవన్ మిషను, పల్లెల లెక్కన. ఎర్రగుంట్ల ఎప్పుడో అయిపాయ. కమలాపురం నగర పంచాయతీకి 2021 నవంబరులో ఓట్లేసుకున్నారు. మనం మాత్రం మేజరు పంచాయతీ అని చెప్పుకుంటా కూర్చున్నాం.

మామ: వచ్చేవి చెప్పినావు, పొయ్యేవి చెప్పలేదు. నేను చెప్తా విను. ఒకటి, ఉపాధి పని. 2006 ఫిబ్రవరి 2న పక్క జిల్లాలోనే, అనంతపురం తట్టు బండ్లపల్లిలో మొదలుపెట్టినారు దాన్ని. అది పల్లెలకే. ఊరు పట్నమైన రోజు ఆ కార్డు చెల్లదు. మన ఊర్లో అందురూ అంగళ్లోళ్లే అనుకుంటాండావేమో, ఊరి చివర వీధుల్లోకి ఒకసారి పోయిరా. ఎండాకాలం ఆ కూలి మీదనే పొయ్యి వెలిగే ఇండ్లు ఎన్నున్నాయో చూడు. రెండు, పన్ను. 2021 ఏప్రిల్ నుంచి మున్సిపాలిటీల్లో ఆస్తి విలువ మీద పన్ను. ఇండ్లకైతే విలువలో 0.10 నుంచి 0.50 శాతం లోపల. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని కట్టడి పెట్టినారు. కట్టడి ఏంటికి పెట్టినారు? పెరుగుతాదని తెలుసు గాబట్టి.

అల్లుడు: పన్ను పెరిగితే పెరగనీ మామా. రోడ్డు మీద ఈ నీళ్లు నిలబడకుంటే నేను కడతా.

మామ: నువ్వు కడతావు. ఆ చివర వీధిలో కూలికి పోయే ఆమె కట్టగలదా? సరే, అది పక్కన పెట్టు. మూడోది అన్నిటికంటే పెద్దది. గ్రామసభ.

అల్లుడు: గ్రామసభకు ఎవురు పోతారు మామా! ఇంత ఊరు ఒక పందిరి కింద కూర్చుంటాదా? పదిమంది వస్తారు, సంతకాలు పెడతారు, పోతారు.

మామ: పోకుండా ఉండేది నీ తప్పు, సభది కాదు. రాజ్యాంగంలో రాసినారబ్బీ దాన్ని. 1993 ఏప్రిల్ 24 నుంచి 73వ సవరణ అమలులోకి వచ్చింది, దాంట్లో గ్రామసభ ఉంది. ఓటరు లిస్టులో పేరుంటే చాలు, నువ్వు దాంట్లో సభ్యుడివి. ఎవురూ నిన్ను ఎన్నుకోనక్కరలేదు, ఎవురూ నామినేటు చేయనక్కరలేదు. లేచి నిలబడి 'ఈ దుడ్లు దేనికి పెట్టినారు' అని అడగచ్చు. పట్నాలకు 74వ సవరణ వచ్చింది గదా, దాంట్లో ఇట్లాంటిది లేదు. వార్డు కమిటీలు పెట్టాలన్నారు, అది కూడా మూడు లక్షల జనం ఉన్న ఊర్లకే. నీ నగర పంచాయతీలో నీ మాట చెప్పేదానికి కౌన్సిలరు ఇంటికి పోవల్ల. వాడు తలుపు తీస్తే చెప్పుకుంటావు.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. నాకు ఈ మాట అంతకుముందు ఎవరూ చెప్పలేదు. పట్టణాలుగా మారిన ఊళ్ల గురించి ఎన్నో వ్యాసాలు చదివాను, కొత్త బోర్డులు, కొత్త కార్యాలయాల ఫోటోలు చూశాను. మారిన రోజున ఆ ఊరి మనిషి ఏ హక్కు వదులుకున్నాడో ఒక్క దాంట్లోనూ కనబడలేదు. నగర పంచాయతీ అన్న ఏర్పాటును కూడా ఆ 74వ సవరణే పెట్టింది, పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతం కోసం. పేరులో పంచాయతీ నిలిచింది, సభ మాత్రం నిలవలేదు.

మామ: 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు. ఆ రోజు నువ్వు పోయినావా?

అల్లుడు: యాడ పోయేది? లోడు వచ్చింది, దించుకుంటాంటి.

మామ: ఊఁ.

అల్లుడు: అట్ల చూడొద్దు మామా. నేను ఒకటి అడుగుతా, నువ్వు నిజం చెప్పు. ముప్పై యేండ్లు పంచాయతీల్లో చేసినావు. ఆ నెలనెలా సమావేశాల్లో ఏముంటాది? ఊరిని మార్చేది ఏమన్నా ఉంటాదా?

మామ: బోరు మోటరు కాలింది, రీవైండింగుకు ఇంత. ఫలానా వీధిలో లైట్లు వెలగలేదు, బల్బులకు ఇంత. కసువు ట్రాక్టరుకు డీజిలు. సంత వేలం ఎప్పుడు పెట్టల్ల, పాట ఎంత నుంచి మొదలుపెట్టల్ల. పైపు పగిలింది. పిచ్చికుక్కలు. బ్లీచింగు పౌడరు. ఇదే అజెండా. ఊరిని మార్చేదేం ఉండదు. ఊరు నిలబడేది దాని మీదనే.

అల్లుడు: బ్లీచింగు పౌడరు మీద ఊరు నిలబడతాదా?

మామ కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. ఈ తర్వాత చెప్పింది గొంతు తగ్గించి చెప్పాడు.

మామ: ఊరి పేరు చెప్పను. నేను చేసిన ఊర్లలో ఒకటి. బిల్లు కలెక్టరంటే పన్ను వసూలు ఒక్కటే కాదు, ఉండేది నలుగురం, అన్నీ మేమే. ట్యాంకు కాడ ఒక రిజిస్టరు ఉంటాది. పొద్దున నీళ్లు వదిలినాక వీధి చివర కొళాయి కాడికి పోవల్ల, చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టల్ల, మందు చుక్కలు వేయల్ల. నీళ్లు పసుపు తిరిగితే క్లోరిను ఉన్నట్టు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు చివరి కొళాయి కాడ మిగలల్ల. దాన్ని రిజిస్టరులో ఎక్కియ్యల్ల. ఆ రిజిస్టరులో రోజూ 0.2, 0.2, 0.2. నెలంతా ఒకే పెన్ను, ఒకే రాత, ఒకే వాలు. ఒక్క పూటలో కూర్చొని నెల మొత్తం రాసినాడని గుడ్డోడికైనా తెలుస్తాది. నేను చూసినా. చూసి కింద సంతకం పెట్టినా.

అల్లుడు: తర్వాత?

మామ: బ్లీచింగు మూట విప్పి ఆరు నెలలయింది. గాలి తగిలితే దాని సత్తువ పోతాది. చెయ్యి పెట్టి చూస్తే సున్నంపొడి మాదిరుంది, ముక్కుకు వాసనే తగల్లేదు. ఆ వానాకాలం ఒక వీధిలో బిడ్డలకు వాంతులు, బేదులు. ఒక పాపను నేనే బండి మీద ముందర కూర్చోబెట్టుకొని ఆస్పత్రికి తీసుకపోయినా. దావంతా నా చొక్కా పట్టుకొనే ఉండింది. బతికింది. నన్ను ఎవురూ ఒక్క మాట అన్లేదు. సమావేశం మినిట్సులో 'బ్లీచింగు పౌడరు కొనుగోలు, ఆమోదించడమైనది' అని ఒక లైను ఉంది. కొన్న మాట నిజమే. వేసినారా అని ఒక్క సభ్యుడు అడగలేదు. నేనూ అడగలేదు. ఆ లైను మీద ఊరు నిలబడతాదా అంటావేంటికి?

అల్లుడు: ఎప్పుడూ చెప్పలేదే మామా ఇది.

మామ: గొప్పగా చెప్పుకునే పనా?

రోడ్డు మీద ఒక ఆటో నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. మామ దాన్ని చూస్తూ గండి మాట ఎత్తాడు. వేంపల్లె మనిషి ఏం మాట్లాడినా ఎక్కడో ఒకచోట గండి దగ్గరికి వస్తాడు. పాపాఘ్ని ఏరు కొండను చీల్చుకొని వచ్చే చోటు అది.

మామ: ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కత మన ఇండ్లల్లో అందురికీ తెలుసు. రాముని కోసం వాయుదేవుడు కట్టినాడు, కాలం దగ్గరపడిన పుణ్యాత్ములకే అగుపిస్తాదని. మన్రో దొరకు అగుపించిందంటారు. ఆయన ఎట్ల పోయినాడో తెలుసునా?

అల్లుడు: కలరాతో.

మామ: పత్తికొండలో, 1827 జూలై 6న. మద్రాసు గవర్నరుగా ఉండంగా. ఇరవై యేండ్ల ముందర ఈ సీమకంతా కలెక్టరుగా చేసినోడు. తోరణం కత మనం బిడ్డలకు చెప్తాం, కలరా కత చెప్పం. అంత పెద్ద దొరనే పడగొట్టిన రోగమది. అది నీళ్లలో ఉంటాదని అప్పటికి ప్రపంచంలో ఎవురికీ తెలియదు.

తెలిసింది మరో పాతికేళ్లకు పైన గడిచాక. అది కూడా ఒక స్థానిక బోర్డు సమావేశంలోనే మొదట పనికి వచ్చింది కాబట్టి ఇక్కడ చెప్పాలి. 1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా పుట్టి జనం పిట్టల్లా రాలిపోతుంటే జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటూ పోయాడు. చాలావరకు బ్రాడ్ వీధి బోరింగు చుట్టూ ఉన్నాయి. సెప్టెంబరు 7న సాయంత్రం సెయింట్ జేమ్స్ పారిష్ బోర్డు వాళ్లు సమావేశంలో ఉండగా వెళ్లి, ఆ బోరింగు పిడి తీసేయండి అన్నాడు. వాళ్లకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా మరునాడు పిడి తీయించారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టింది, ఆ ఒక్క పనితోనే ఆగిందని చెప్పలేం. కానీ ఒక వీధి బోరింగు గురించి బోర్డు మెంబర్లు ఒక సాయంత్రం విని, మరుసటిరోజు కదిలారు. వైద్య చరిత్ర దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ పూట వాళ్ల ముందున్నది మన బ్లీచింగు పౌడరు లైనంత చిన్న సంగతే.

అల్లుడు: మామా, బాధపడొద్దు గాని, నువ్వు చెప్పింది నా వాదనకే పనికొస్తాది. బిల్లు కలెక్టరు క్లోరిను పరీక్ష మీద సంతకం పెట్టడం ఏంటికి? దానికి చదువుకున్న మనిషి ఒకడు ఉండల్ల. నలుగురితో ఇంత ఊరు నడపమంటే ఎవురైనా ఒక్క పూటలో నెల రాత రాస్తారు. వాడు చెడ్డోడు కాదు, వాడికి తీరిక లేదు.

మామ: ఆ మాట నిజం.

అల్లుడు: ఒప్పుకున్నావా?

మామ: నిజాన్ని ఒప్పుకోవల్ల గదా. మనుషులు చాలరు. కాని మనుషులు ఏంటికి చాలరు? జీతాలియ్యను సొంత దుడ్లు లేక. అది మాట్లాడు ఇంక.

అల్లుడు: దుడ్లు పైనుంచి రావల్ల.

మామ: వస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి ఐదేండ్లకు ఇచ్చింది. నూటికి 60 రూపాయలు ముడిపెట్టి ఇచ్చినారు, సగం తాగునీళ్లకు, సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 ఊరి అవసరాన్ని బట్టి, అది కూడా జీతాలకు వాడకూడదన్నారు. ముడిపెట్టడం తప్పని నేను అనను. నీళ్లు, కసువు, ఇవే ముందర కావల్ల. కాని పైనుంచి వచ్చే రూపాయిని దావలోనే ఎవురైనా పట్టుకోవచ్చు. 2021లో ఏమాయ? కరెంటు బకాయిలని పంచాయతీల ఖాతాల్లో ఉండే ఆర్థిక సంఘం నిధులు సర్దేసినారు. సర్పంచులు రోడ్డెక్కినారు, మా ఖాతాలో దుడ్లు మాకు చెప్పకుండా ఎట్ల తీస్తారని. మన సీమలో బోర్లు ఎంత లోతుకు పోతాయో నీకు తెలుసు. అంత లోతు నుంచి నీళ్లు లాగే మోటర్ల బిల్లు ఎంతొస్తాదో ఆలోచించు. పంచాయతీ మెడకు అది పెద్ద బండ.

అల్లుడు: సొంత దుడ్లంటే ఇంటి పన్నే గదా.

మామ: ఇంటి పన్ను, కొళాయి పన్ను, సంత ఆశీలు, అంగడి గదుల బాడుగ, ప్లాను ఫీజు. ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు అని ఒకటి ఉంటాది చూడు, రూపాయికి 8 పైసలు, అది లైబ్రరీలకు పోతాది. మిగిలింది ఊరిదే. ఎవురూ ముడిపెట్టరు. పైపు పగిలితే రేపే వేయచ్చు, ఇంకొక మనిషిని పెట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యం ఇంకొకటుంది. దిల్లీ నుంచి వచ్చిన రూపాయికి దిల్లీవాడు లెక్క అడుగుతాడు. నీ చేత్తో ఇచ్చిన రూపాయికి నువ్వు అడుగుతావు. నేను వసూలుకు పోయినప్పుడు చూసినా గదా. పన్ను కట్టే ఇంటాయన కట్టేటప్పుడు ఊరికే కట్టడు. లైటు సంగతి అడుగుతాడు, కాలవ సంగతి అడుగుతాడు, తిడతాడు కూడా. కట్టనోడు ఏమీ అడగడు, రెండేండ్ల బాకీ ఉందని తలుపు సందులోనుంచి చూసి పక్కకు పోతాడు. నాకు తిట్టినోళ్లే ఊరిని కాపాడినట్టు అనిపిస్తాది ఇప్పుడు.

అల్లుడు: నాకు బాకీ లేదు. రసీదులన్నీ లోపలుండాయి, చూపిస్తా.

మామ: ఉంటాయి. నువ్వు అట్లాంటోడివి కాదు. కాని ఒకటి అడుగుతా. పోయిన సంవత్సరం పైన మిద్దె వేసినావు. డిమాండు రిజిస్టరులో అది ఎక్కిందా?

అల్లుడు జవాబు చెప్పలేదు. లోపలికి పోయి ఎవరికో సిమెంటు మూటలు లెక్కపెట్టించి వచ్చాడు. వచ్చి కూర్చుని, 'ఎక్కలేదు' అన్నాడు. 'ఎవురూ వచ్చి కొలవలేదు. నేనూ పోయి చెప్పలేదు.' అతను దాన్ని దాచకుండా చెప్పినందుకు నాకు అతని మీద గౌరవం పెరిగింది. ఊళ్లో కొత్తగా లేచిన ఎన్ని మిద్దెలు పాత కొలతలతోనే పన్ను కడుతుంటాయో ఎవరి వీధిలో వాళ్లు చూసుకోవచ్చు. ఏ ఊరయినా సరే.

మామ: సరే, ఆ కొలతల సంగతి అట్లుండనీ. లెయ్.

అల్లుడు: ఏంటికి?

మామ: లెయ్యి చెప్తా. కుర్చీ తీసి పక్కన పెట్టు. గడారి ఉందా లోపల?

అంగట్లో పనిచేసే కుర్రాడు గడారి తెచ్చాడు. మామ ఒంగి బండల అతుకు మీద వేలు పెట్టి చూపించాడు. రెండు బండల మధ్య సిమెంటు పూసి ఉంది. గడారి మొన దిగడానికి సందు లేదు. నాలుగు దెబ్బలు కొడితే సిమెంటు పొర లేచింది. కుర్రాడు, అల్లుడు ఇద్దరూ కలిసి లేపితే ఒక బండ అడుగు ఎత్తు లేచింది. కింద నీళ్లు లేవు. కాలవ అంచు దాకా నల్లటి పూడిక, దాంట్లో పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, చినిగిన సిమెంటు సంచి ఒకటి. ఆ సంచి మీద ఉన్న బ్రాండును అల్లుడు గుర్తుపట్టాడు. అతను అమ్మేదే.

మామ: ఇదీ కాలవ. పంచాయతీ మనిషి పార పట్టుకొని వచ్చినా దేంట్లో పెట్టల్ల? నీ బండ, పక్కన ఫర్నిచరాయన బండ, ఆ పక్కన మెడికల్ షాపుకు ర్యాంపు. ఇట్ల ఒక్కరూ వదలకుండా మూసుకుంటే పూడిక తీసేది యాడ? కమిషనరు వస్తే మాత్రం యాడ తీస్తాడు?

అల్లుడు: తీయిస్తాడు మామా. కమిషనరు వస్తే నోటీసు ఇచ్చి తీయిస్తాడు, అదే నేను చెప్పేది! నేనొక్కడినే బండ తీస్తే ఏమొస్తాది? గిరాకీలు బండి యాడ నిలపల్ల? పక్కంగడికి పోతారు. అందురూ ఒకేసారి తీయల్ల. అందురితో తీయించేది ఎవురు? సర్పంచు చెయ్యలేడు. ఎవురైనా సరే చెయ్యలేడు. ఈ అంగళ్లోళ్ల ఓట్లతోనే గెలిచి, రేపు మల్ల ఇదే వీధిలో దండం పెట్టుకుంటా తిరగల్ల. కమిషనరుకు ఓటుతో పని లేదు. అందుకే నాకు దూరం నుంచి వచ్చిన మనిషి కావల్ల.

ఇద్దరూ అన్న మాటల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇదే. స్థానిక పాలన గొప్పతనం గురించి మాట్లాడేవాళ్లం మొగమాటం గురించి మాట్లాడం. ఎదురింటి మనిషికి నోటీసు ఇవ్వడం ఎంత కష్టమో ఇచ్చినవాళ్లకే తెలుస్తుంది. మామ కూడా వెంటనే బదులు చెప్పలేదు.

మామ: దూరం నుంచి వచ్చినోడు దూరం పోతాడబ్బీ. మూడేండ్లకు బదిలీ. వాడు ఒక రోజు జేసీబీ తెచ్చి అన్ని ర్యాంపులూ పగలగొట్టించి పోతాడు. ఆర్నెల్లకు మల్ల మీరే బండలు పరుస్తారు. నేను రెండు ఊర్లలో చూసినా. నిలిచేది ఏందంటే, మీరంతా కూర్చొని ఒప్పుకున్నది. బండ వేసుకోండి, వద్దనలేదు. రెండడుగుల ముక్కలుగా వేయండి, ప్రతి ముక్కకు ఇనుప కొక్కెం పెట్టండి, సిమెంటు పూయొద్దు. నెలకొకసారి ఎవురి బండ వాళ్లు లేపి పెట్టల్ల, పంచాయతీ మనుషులు పూడిక తీసి ట్రాక్టరుకు ఎత్తల్ల. దీన్ని తీర్మానం చెయ్యల్ల. కొక్కేలు నీ అంగట్లో ఉండేవే గదా.

అప్పుడు మామ చెల్లెలు, అంటే అల్లుడి తల్లి, క్యారియరు తీసుకొని వచ్చింది. లేచి ఉన్న బండను, కింద పూడికను చూసి పక్కన నిలబడింది. సంగతేమిటో అన్న చెప్పాడు.

తల్లి: ఆ ఆగస్టు సభకు నేను పోయింటి. మా సంఘం ఆడోళ్లమంతా పోయింటిమి.

అల్లుడు: నాకు చెప్పలేదే!

తల్లి: నువ్వు అడిగితే గదా. ఏమడిగినానంటావా? కొళాయికి నీళ్లు ఏ రోజు ఏ వీధికి ఎన్ని గంటలకు వదుల్తారో బోర్డు మీద రాయమన్నా. అంతే. మా చిన్నప్పుడు మీ మామా నేనూ ఏట్లోకి పోయి ఇసుకలో చెలమ తవ్వి, ఊరేదాకా కూర్చొని, చిప్పతో తోడి కడవ నింపుకొని వచ్చేవాళ్లం. ఏరు ఎప్పుడు ఊరుతాదో మాకు తెలుసు. ఇప్పుడు ఇంటికే కొళాయి వచ్చింది, నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక పొద్దంతా కొళాయిని చూస్తా కూర్చోవల్ల. పనికి పోయే ఆడోళ్లు ఎట్ల చెయ్యల్ల?

పాపాఘ్ని కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, వెలిగల్లు దగ్గర ఆనకట్ట వెనక ఆగి, గండి దాటి వేంపల్లె మీదుగా పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుక ఏరు. నీళ్లు పైన కనబడవు, కింద ఉంటాయి. ఇసుక ఉన్నన్నాళ్లే ఉంటాయి. చెలమ తవ్విన చేతులకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

అల్లుడు: అయితే ఇప్పుడు ఏం చేద్దామంటావు మామా?

మామ: అర్జీ రాయి. వచ్చే సమావేశంలో అజెండాలో పెట్టమని ఒకటి, గ్రామసభలో చదవమని ఒకటి. రసీదు తీసుకో.

అల్లుడు సిమెంటు బిల్లు పుస్తకంలో ఒక కాగితం చింపి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. 'కడప రోడ్డులో అంగళ్ల ముందు మురుగుకాలవను బండలతో మూసివేసినందువల్ల' అని రాసి ఆగాడు.

మామ: 'మా అంగడితో సహా' అని రాయి.

రాశాడు. తర్వాత బండల కొలతలు, కొక్కేలు, నెలకొకసారి పూడిక. తల్లి తన బోర్డు మాట కూడా పెట్టమంది, దాన్నీ రాశాడు. ఆ తర్వాత కలం ఆగలేదు. మామ ఒంగి చూశాడు.

మామ: ఇదేంది? 'మన ఊరిని నగర పంచాయతీగా మార్చాలని తీర్మానించవలసినదిగా' ఏంది?

అల్లుడు: అది నా కోరిక. గ్రామసభలో ఎవురైనా అడగచ్చని నువ్వే గదా చెప్పినావు.

మామ: అడగచ్చు. నేను లేచి వద్దంటా. కాని ఈ కాయితంలో వద్దు, దీని పక్కన అది పెడితే సభంతా దాని మీదనే కొట్లాడుకుంటారు, బండ సంగతి పక్కకు పోతాది. అది వేరే కాయితం మీద రాసుకో.

అల్లుడు ఆ చివరి వాక్యం కొట్టేశాడు. పుస్తకంలో ఇంకో కాగితం చింపాడు.

తల్లి: ముందు అన్నం తినండి ఇద్దరూ. ఆ బండ అట్లనే ఉండనీ, మూయొద్దు.